అనూపమృగయ : నూతనవ్యాధునకుఁ బ్రాచీనులు చెప్పిన మేరలు

నీరు పాఱి నిలిచి, తుంగయు రెల్లును నొత్తుగాఁ బెరిఁగి, చెట్లమొదళ్లు బురదలో నుండు నేలకు సంస్కృతమున ‘అనూపము’ అని పేరు. ఈ శబ్దమును సాధించుటకుఁ బాణిని యష్టాధ్యాయి యాఱవ యధ్యాయము మూఁడవ పాదమునఁ బ్రత్యేకముగ నొక సూత్రము చేసెను. ‘అను’ అను నుపసర్గమునకుఁ బిదప వచ్చు ‘అప్’ శబ్దమందలి యకారము, దేశము వాచ్యమగునప్పుడు మాత్రము, ఊకార మగునని దాని తాత్పర్యము. దేశము వాచ్యము గానిచో ‘అన్వీప’మనియే రూపము. అట్టి దేశమున వేఁటాడువానిఁ దెలుపు శబ్దములకును నా యాచార్యుఁడే త్రోవ చూపెను. పక్షులను, మత్స్యములను, మృగములను జంపువాఁ డను నర్థమున ఠక్ప్రత్యయము విధింపఁబడినది. కాశికావృత్తి యందుల కిచ్చిన యుదాహరణములలో హారిణికుఁడు, సౌకరికుఁడు అను రెండును గలవు. మొదటివాఁడు లేళ్లఁ జంపువాఁడు, రెండవవాఁడు పందులఁ జంపువాఁడు.

‘మృగయా’ శబ్దము వార్తికసిద్ధము. దాని ప్రకృతియగు మృగధాతువునకు ధాతుపాఠమునఁ జెప్పఁబడిన యర్థము హింస గాదు, అన్వేషణము. వేఁట యనఁగా మొదట వెదకుట. చంపుట వేఱొక ధాతువు పని. ఈ భేదము వ్యాకరణమున కొక్కదానికే చెందినది గాదు. క్రొత్తగా వేఁటకుఁ బోవువానికిఁ బ్రాచీనగ్రంథములం దచ్చటచ్చటఁ జెప్పఁబడిన బుద్ధులను గూర్చి చూచినచో, వానిలో నధికభాగము వెదకుటను గూర్చియు, మిగిలినది బాణమును విడువకుండుటను గూర్చియునై యుండును. కొట్టుటను గూర్చి చెప్పినది మిక్కిలి స్వల్పము.

మొదట, అనూపవనమున వెదకఁదగిన మృగము లెవ్వి? చరకసంహిత సూత్రస్థానము మృగములను నెలవునుబట్టి విభజించినది. హరిణము, ఏణము మొదలగునవి జాంగలములు, అనఁగా మెట్టనేలలయందుఁ దిరుగునవి. వరాహము, మహిషము, గజము, ఖడ్గము, న్యంకువు, రురువు మొదలగునవి యానూపములు. ఇది మాంసగుణములఁ దెలుపుటకై వైద్యులు చేసిన విభాగమే యైనను వేఁటకానికిని బనికివచ్చును. బురదయడవిలోఁ గానవచ్చు ప్రధానమగు జింకజాతి హరిణము గాదు, రురువు. రురువనఁగా నేఁడు బారసింగా యనఁబడు మృగమని పలువు రాధునికులు తలఁతురు. విశాలమైన శాఖలు గల కొమ్ములును, బురదలో దిగఁబడకుండునట్లు విచ్చుకొను గొరిజలును దానికిఁ గలవు. మెట్టనేల లేడివలె నది దూరమునుండి కానరాదు. రెల్లులో మెడవఱకు మునిఁగియుండును.

వరాహముయొక్క స్వభావమును దెలిసికొన నమరసింహుఁ డిచ్చిన పర్యాయపదములే చాలును. పోత్రి యనఁగా నేల త్రవ్వు ముట్టె గలది. ఘోణి యనఁగా గొప్ప ముక్కు గలది. దంష్ట్రి యనఁగాఁ గోఱలు గలది. స్తబ్ధరోమము నిక్కిన వెండ్రుకలు గలది. భూదారము భూమిని జీల్చునది. ఒక్కొకపేరు నొక్కొక పాఠము. చూపు మందమైనను ఆఘ్రాణశక్తి మిక్కుటము గావున గాలి వేఁటకానివైపునుండి పందివైపు వీచుచున్నప్పుడు దానిఁ జేరఁబోవుట వ్యర్థము. నేల త్రవ్వియున్న చోటు నది మేసినచోటు. వెండ్రుకలు నిక్కినప్పు డది పాఱిపోవఁదలఁపలేదని యెఱుఁగవలెను. అట్లే జింకకు నమరమున ‘వాతాయువు’ అని యొక పేరు. గాలివలెఁ బోవునదియనియు, గాలిని గూర్చి పోవునదియనియు దీని నిర్వచింపవచ్చును. ఏ యర్థమైనను వేఁటకాఁడు గాలి కెదురుగా నడువవలెననియే తేలుచున్నది.

అడవిఁ జొచ్చుటకు ముందు జరుగవలసిన పనిని కౌటిల్యుఁడు చెప్పెను. 1909లో శామశాస్త్రిగారు ప్రకటించిన యర్థశాస్త్రమున రెండుచోట్ల నీ విషయము గలదు. చలించు గుఱిని గొట్టుట యలవడుటకై రాజు మృగారణ్యమునకుఁ బోవలెను. కాని వ్యాధులును, కుక్కలవాండ్రును ముందుగాఁ బోయి దొంగల భయమును, క్రూరమృగముల భయమును దొలఁగించిన పిమ్మటనే పోవలెను. మఱియొకచోట రాజవిహారమునకై కల్పింపవలసిన మృగవనము వర్ణింపఁబడినది. దానికి నొక్కటే ద్వారము, చుట్టును గందకము, ముండ్లులేని చెట్లు, లోఁతు లేని నీటిమడుఁగులు, గోళ్లును గోఱలును దీసివేసిన క్రూరమృగములు. ఇదియే నూతనవ్యాధుని పాఠశాల. లోఁతు లేని మడుఁగు లుండవలెనని విధించుటలో నానూపభయ మెట్టిదో తెలియుచున్నది. పైకి గడ్డి కప్పినచో నీటిలోఁతు కంటికిఁ దెలియదు.

రఘువంశము తొమ్మిదవ సర్గమునఁ గాళిదాసుఁడు దశరథుని వేఁటను వర్ణించుచు నీ శాస్త్రము ననుసరించెను. కుక్కలవాండ్రును వలకాండ్రును ముందుగ నిలిచిన వనము, కార్చిచ్చును దొంగలును లేని వనము, గుఱ్ఱము నడుచుటకు గట్టినేల గల వనము, మృగములు నీరు త్రావు తావులు గల వనము, అట్టిదానిని రాజు చొచ్చెను. ఈ విశేషణము లలంకారములు గావు. ఒక్కొకటి యొక్కొక జాగ్రత్త. గట్టినేల కావలెననుటచే గుఱ్ఱమునకు బురదలోఁ బని లేదని సూచితము. నీటితావు లున్నవనుటచే మృగము లచ్చటికే వచ్చునని సూచితము. అనూపమృగయలోని చిక్కంతయు నీ రెంటినడుమ నున్నది. మృగము నీటిదగ్గఱ నుండును; వేఁటకాని గుఱ్ఱము నీటిదగ్గఱకుఁ బోఁజాలదు.

పిదప జాడఁ బట్టుట. ఆ సర్గమందే పందులగుంపు గుంటబురదలోనుండి లేచి పరుగెత్తఁగా, సగము నమలిన తుంగముస్తెల మొలకలు రాలిన త్రోవను, తడియడుగుల బారులచే స్పష్టమైనదానిని, రాజు పట్టుకొని పోయినట్లు చెప్పఁబడినది. ఇందు రెండు గుఱుతులు గలవు: రాలిన మేఁత, తడి యడుగు. రెండును గ్రొత్తవి. మేఁత యెండినను, అడుగున నిలిచిన నీరు తేరినను జాడ పాతది. త్రొక్కిన నీరింకను గలఁగియున్నచో మృగము దగ్గఱనే యున్నది. పంది యడుగునకు వెనుకఁ బ్రక్కల రెండు చిన్నవ్రేళ్ల గుఱుతులు బురదలో సామాన్యముగఁ బడును. జింకజాతియడుగున నవి మిక్కిలి మెత్తని నేలలో గాని పడవు. బురదలోఁ బొరలిన పంది చెట్టున కొరసికొనును గావున మ్రానిపై నంటిన బురద యెంత యెత్తున నున్నదో చూచిన దాని పొడవు తెలియును. పందులు చెట్లకుఁ బిఱుఁదు లానించి నిలుచుటను గాళిదాసుఁడు నెఱుఁగును. గుఱ్ఱముపైనుండి కొంచెము ముందునకు వంగి కొట్టుచున్న రాజుపైకి జూలు నిక్కించుకొని రాఁబోయిన వరాహములు, తాము బాణములచే నా చెట్లకే గ్రుచ్చఁబడితిమని యెఱుఁగవయ్యె నని యాతఁడు చెప్పినాఁడు. గాయపడిన పంది తన గాయము నెఱుఁగక మీఁదికి వచ్చుననుట క్రొత్తవాఁడు మఱవరాని విషయము.

ఇట్టి వేఁట విద్యయా, వ్యసనమా యను వివాద మతిప్రాచీనమైనది. మనువు కామజవ్యసనములు పదింటిని లెక్కించి, వానిలో మద్యపానము, ద్యూతము, స్త్రీలు, మృగయ యను నాలుగును మిక్కిలి కష్టములనెను. అర్థశాస్త్రమునఁ బిశునుఁ డను నాచార్యుఁడు ద్యూతముకంటె మృగయయే చెడ్డదనును. అందుల కతఁడు చూపు హేతువులు దొంగలు, శత్రువులు, క్రూరమృగములు, కార్చిచ్చు, కాలు జాఱుట, దిక్కు తప్పుట, ఆఁకలి దప్పులు. కౌటిల్యుఁ డా మతమును ఖండించి, వేఁటవలన వ్యాయామము గలుగుననియు, శ్లేష్మపిత్తమేదస్సులు హరించుననియు, నిలిచినదానిని గదలుదానినిఁ గూడఁ గొట్ట నలవడుననియు, కోపభయములందు మృగముల చిత్తము తెలియుననియు, వేఁటకుఁ బోవుట యెప్పుడో యొకప్పుడే గాని నిత్యము గాదనియుఁ జెప్పెను. ఈ వాదమునఁ బిశునుఁ డోడెననుటకంటె నతని హేతువులే జాగ్రత్తలుగ మాఱినవనుట యుక్తము. కాలు జాఱుట, దిక్కు తప్పుట యను రెండును బురదయడవిలోఁ బ్రతిదినము జరుగునవి. ఱెప్పపాటున నొక రెల్లుపొద మఱియొక రెల్లుపొదవలెఁ గానవచ్చును.

శాకుంతలము రెండవ యంకమునఁ గాళిదాసుఁడు రెండుపక్షములను రెండు పాత్రలనోటఁ బెట్టినాఁడు. సేనాపతి కౌటిల్యునివలె వేఁటను స్తుతించును. విదూషకుఁడు ‘ఇదిగో లేడి, అదిగో పంది, అల్లదిగో పులి’ యను కేకలమధ్య నడివేసవి మధ్యాహ్నమునఁ దాను దిరుగవలసివచ్చిన పాటును, ఆకులు కుళ్లి వగరైన సెలయేటినీరు త్రాగిన బాధను జెప్పికొనును. పండితు లీ భాగమును హాస్యముగఁ జదువుదురు. కాని క్రొత్తగ నడవికిఁ బోయినవాని యథార్థస్థితి సేనాపతి మాటలలోఁ గాక విదూషకుని మాటలలోనే యున్నది. నేర్పరికి లేడియు, పందియు, పులియు వేఱువేఱు జాడలు. నేర్వనివానికి మూఁడును గేకలే.

వేఁటయందుఁ దప్పొప్పులను నిర్ణయించు ధర్మము వేఱుగ నుండెననుటకు మహాభారతమే ప్రమాణము. వనపర్వమున నర్జునునిపైకి వచ్చిన వరాహమును నర్జునుఁడును, కిరాతరూపుఁడైన శివుఁడును నొకేసారి కొట్టిరి. అప్పు డర్జునుఁడు కిరాతునితో నతఁడు చేసినది ‘మృగయాధర్మము’ గాదని పలికెను. తాను ముందు గుఱిచూచితినని కిరాతుని వాదము. ఒకఁడు గుఱిచూచినదానిని మఱియొకఁడు గొట్టరాదనుట రాజపుత్రుఁడును గిరాతుఁడును నొడంబడిన నియమము. ముందెవ్వఁడు చూచెననుటయందే వివాదము. భారవి దీనినే విస్తరించి కిరాతార్జునీయమున దూతవాక్యముగఁ బెంచెను. కిరాతుఁడును రాజపుత్రుఁడును నొకే ధర్మముపేర వాదించిరనుట గమనింపఁదగినది. వేఁటలోని మేరలు రాజులు కల్పించి వ్యాధుల కిచ్చినవి గావు.

ఈ విషయమునకుఁ దెలుఁగుదేశమునకు సంబంధించిన సాక్ష్యము కన్నప్పకథ. పండ్రెండవ శతాబ్దమున శేక్కిళారు తమిళమున రచించిన పెరియపురాణమును, పదాఱవ శతాబ్దమున ధూర్జటి తెలుఁగునఁ జేసిన కాళహస్తీశ్వరమాహాత్మ్యమును నీ కథకు మనకు ముఖ్యాకరములు. పెరియపురాణమున వేఁట కారంభము వినోదము గాదు. వృద్ధుఁడైన వేడనాయకుఁడు వేఁట మానుటచే మృగములు పెచ్చుపెరిఁగి చేల నాశము చేయఁగాఁ బ్రజలు మొఱపెట్టుకొనిరి. అతఁడు కుమారుఁడైన తిన్నని నాయకునిఁ జేసి మొదటి వేఁటకుఁ బంపెను. ఆ వేఁటవర్ణనమునఁ గవి యొక నియమమును జెప్పెను: ఆ వేడులు గున్నయేనుఁగులను వెంటాడరు; చిన్నపిల్లలను జంపరు; గర్భముతో నడుగు తడఁబడు పెంటిజింకను బాధింపరు; ఎదిరించి వచ్చు క్రూరమృగములనే కొట్టుదురు. చేలు పాడగుచున్నను, ఆయుధములు చేతనున్నను, ఈ మేర దాఁటలేదు.

వల తప్పించుకొనిపోయిన పందిని దిన్నఁడు నాణుఁడు, కాడుఁడు అను నిద్దఱు చెలికాండ్రతోఁ దఱిమి, యది యలసి చెట్టునీడ నిలిచినప్పుడు చేరి చంపెను. సమూహమును విడిచినను దోడు విడువలేదు. ఆ చెలికాండ్రే యతనికి దగ్గఱనున్న స్వర్ణముఖీనదిని, కాళహస్తిగిరిని జూపిరి. ధూర్జటి కథనమునఁ గొన్ని భేదము లున్నను, వేఁటయే బోయబాలుని శివునియొద్దకుఁ జేర్చెననుట సమానము.

రాజాస్థానములయందును వ్యాధులజ్ఞానము గ్రంథరూపము దాల్చెను. కల్యాణచాళుక్యుఁడైన మూఁడవ సోమేశ్వరుఁడు 1131 ప్రాంతమున రచించిన మానసోల్లాసమున మృగయావినోదము, వేఁటకుక్కలను గూర్చిన సారమేయవినోదము వేఱువేఱుగఁ గలవు. పెంపుడులేళ్లను దీమములుగఁ జేసి యడవిలేళ్ల నాకర్షించు పద్ధతి యందుఁ జెప్పఁబడినది. కూర్మాచలప్రభువైన రుద్రదేవుఁడు పదాఱవ శతాబ్దమున రచించిన శ్యైనికశాస్త్రమును 1910లో హరప్రసాదశాస్త్రిగారు కలకత్తాలోఁ బ్రకటించిరి. అందు మృగయ యెనిమిదివిధములు. గుఱ్ఱముతో, వలతో, కుక్కలతో, డేగతో నాడు వేఁటలతోపాటు అడుగుజాడఁ బట్టి పోవుటయు నొక ప్రత్యేకవిధముగ లెక్కింపఁబడినది. బురదనేల దానికి మేలైన పలక.

ఇంతవఱకుఁ జెప్పినదాని సారము కాళిదాసుఁడు రఘువంశమునఁ దండ్రికొడుకుల రెండుకథలలో నిమిడ్చినాఁడు. ఐదవ సర్గమున నజుఁ డింకను గుమారుఁడు. ఇందుమతీస్వయంవరమునకై విదర్భకుఁ బోవుచు నర్మదాతీరమున విడిసియుండఁగా నీటిలోనుండి యొక యడవియేనుఁగు లేచి సేనపైకి వచ్చెను. వన్యగజము రాజునకు వధ్యము గాదని యజుఁడు విని యెఱిఁగినవాఁడు. కవి యీ విశేషణమును స్పష్టముగఁ బ్రయోగించెను. అందుచే వింటిని నిండుగ లాగక, దానిని మరలించుటకు మాత్రమే కుంభస్థలమునఁ గొట్టెను. ఆ యేనుఁగు శాపగ్రస్తుఁడైన ప్రియంవదుఁ డను గంధర్వుఁడు. అతఁడు శాపముక్తుఁడై, శత్రువును జంపకయే జయము నిచ్చు సమ్మోహనాస్త్రము నజున కిచ్చెను. చంపని చేతికిఁ జంపని యస్త్రము లభించినది.

తొమ్మిదవ సర్గమున దశరథుఁడు నేర్పరి. దయయు లేనివాఁడు గాఁడు: మగజింక కడ్డముగఁ దన మేను నిలిపిన పెంటిజింకను జూచి, చెవివఱకు లాగిన బాణమును మరలఁ దీసికొన్నవాఁ డతఁడే. అట్టివాఁ డొకనాఁడు రురువు జాడఁ బట్టి, ప్రక్కవాండ్రకుఁ గానరాక, అలసి నురుఁగులు గ్రక్కు గుఱ్ఱముతోఁ దమసానదిఁ జేరెను. ఇచ్చట రురుశబ్దప్రయోగము యాదృచ్ఛికము గాదని తోఁచును. జాంగలహరిణము వేఁటకానిని మైదానమునకుఁ దీయును. ఆనూపమగు రురువు నీటియొడ్డునకుఁ దీసినది. అచ్చట నీటిలోఁ గడవ నిండు ధ్వని వినఁబడెను. ఏనుఁగు ఘీంకారమని శంకించి దశరథుఁడు శబ్దమునుబట్టి బాణము విడిచెను. అది మునిబాలునిఁ దాఁకెను. ఏనుఁగే యైనను అది నిషిద్ధకార్యమే యని కవి వెంటనే చెప్పెను. తండ్రి విని పాటించిన మేరను గొడుకు దాఁటెను.

వాల్మీకి యయోధ్యాకాండలో నీ కథ దశరథుని నోటనే వచ్చును. అచ్చట నది సరయువు, కాలము వర్షర్తువు, సమయము రాత్రి; దున్నపోతో, ఏనుఁగో, మఱియొక మృగమో నీటికి వచ్చునని యతఁడు పొంచియుండెను. శబ్దవేధియైన కుమారుఁడని లోకులు పొగడిన కీర్తియే యా పాపము చేయించెనని యతఁడు చింతించును. వాల్మీకి చీఁకటిని హేతువుగఁ జెప్పఁగాఁ గాళిదాసుఁడు చీఁకటిని దీసివేసి, తోడులేమి, యలసట, శంక యను మూఁటిని నిలిపెను. వీనిలో నేది లేకున్నను బాణము వెడలియుండదు. తోడున్నచో నొకఁ డాపియుండును. అలసట లేకున్నచో నడుగు ముందుకు వేసి చూచియుండును. శంకను నిశ్చయముగఁ గొనకున్నచో విల్లు దిగియుండును. శబ్దవేధ మజ్ఞానము గాదు, విద్యాపరాకాష్ఠ. కావుననే యిది క్రొత్తవానికంటెఁ బ్రౌఢున కెక్కువ భయంకరము. క్రొత్తవాఁడు గుఱి తప్పును. దశరథుఁడు గుఱి తప్పలేదు.

రాజు తనకుఁ దానే మేర విధించుకొన్న యుదాహరణము చరిత్రలోఁ గలదు. అశోకుఁడు పట్టాభిషిక్తుఁడైన పదియవయేఁట వేఁటతోఁ గూడిన విహారయాత్రలను విడిచి ధర్మయాత్రలఁ జేసెనని యెనిమిదవ శిలాశాసనము చెప్పుచున్నది. కర్నూలుమండలమున నెఱ్ఱగుడివద్దఁ గల పదునాలుగు శాసనములలో నదియు నొకటి. ఉత్తరదేశస్తంభములమీఁది యైదవ శాసనము మఱికొంత ముందునకుఁ బోయి, చూలుతోనో పాలతోనో యున్న మేఁకను, గొఱ్ఱెను, పందిని, ఆఱునెలలు నిండని పిల్లలను జంపరాదనెను. శేక్కిళారు వేడులకుఁ జెప్పిన నియమమును, పాటలిపుత్రచక్రవర్తి రాతిపైఁ జెక్కించిన నియమమును గర్భిణులయెడను బిల్లలయెడను నొక్కటియే. ఒకటి యాజ్ఞ, ఒకటి యాచారము.

ఈ మేరలు దాఁటఁబడినందున నేమి జరిగినదో యిరువదవ శతాబ్దము చూపినది. అనూపనేలలు దున్నఁబడి, వేఁట హద్దుమీఱి, మధ్యప్రదేశమునందలి కాన్హాయడవిలో 1970 నాఁటికి బారసింగాలు 66 మాత్రమే మిగిలెను. పిదప రక్షణముచే నవి మరలఁ బెరిఁగినవి. 1972 నాఁటి వన్యప్రాణిసంరక్షణచట్టము భారతదేశమున వినోదపు వేఁటకు ముగింపు పలికెను. చేలఁ బాడుచేయు పందులవిషయమునఁ గూడ నధికారుల యనుజ్ఞ లేక చేయి చేసికొనరాదు. హారిణికుఁడు, సౌకరికుఁడు అను పదములు నేఁడు వృత్తిగ్రంథముననే నిలిచినవి. మృగధాత్వర్థము మాత్రము నిలిచియే యున్నది: తడియడుగుల బారులఁ జూచి, రాలిన తుంగముస్తెల నెంచి, యే మృగ మెప్పుడు పోయెనో నిర్ణయించువా రా యడవులలో నేఁడును గలరు. వారు వెదకుదురు, లెక్కింతురు, మరలివత్తురు.